సంచికో సంఖ్య.. జాడ ఎవరి చేతిలో?

జహీరాబాద్: అల్లం, ఆలుగడ్డ మూటలతో జహీరాబాద్ నుంచి హైదరాబాద్ మార్కెట్లకు బయలుదేరే లారీ 65వ నంబరు జాతీయ రహదారిపై కంకోల్ టోల్ ప్లాజా వద్ద కాసేపు వేగం తగ్గిస్తుంది. ముందు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను పైనున్న యంత్రం చదువుతుంది. ఆ బండి ఏది, ఏ ఖాతా నుంచి సొమ్ము జమ కావాలి, ఎన్ని గంటలకు దాటింది అనే వివరాలు క్షణాల్లో నమోదవుతాయి. లారీలో ఉన్న సరుకు ఏ ఊరిది, ఏ రైతు చేనులో పండింది, ఏ విత్తనంతో పండింది అన్న సంగతి మాత్రం ఎక్కడా నమోదు కాదు. బండికి గుర్తింపు వచ్చింది గానీ అది మోసుకెళ్లే పంటకు రాలేదు.

ఈ తేడా ఇంతకాలం ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఇకపై పట్టించుకోక తప్పని పరిస్థితి ఏర్పడుతోంది. దేశంలో 12 కొత్త పారిశ్రామిక నగరాలకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. అందులో జహీరాబాద్ ఒకటి. హైదరాబాద్-నాగ్‌పూర్ పారిశ్రామిక నడవాలో భాగంగా 3,245 ఎకరాల్లో, రూ.2,361 కోట్ల అంచనాతో దీనిని ప్రతిపాదించారు. వాహన పరికరాలు, యంత్రాలతో పాటు ఆహార శుద్ధి పరిశ్రమలకూ ఇక్కడ ప్రాధాన్యమిస్తామని ప్రకటించారు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల రైతుల భూములపై నిలవనున్న ఈ నగరంలోకి రేపు పెద్ద కొనుగోలుదారులు అడుగుపెడితే వారు మొదట అడిగేది ధర గురించి కాదు. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపమంటారు. కాగితం మీద రాసి ఇస్తే ఒప్పుకోరు, కంప్యూటర్ చదవగలిగే సంఖ్య కావాలంటారు.

ఏమిటీ సంఖ్య?

సబ్బు బిళ్ల మీద, బిస్కెట్ పొట్లం మీద ఉండే నల్లగీతల బార్‌కోడ్ అందరికీ తెలిసిందే. మన దేశంలో నమోదైన కంపెనీల బార్‌కోడ్‌లు 890తో మొదలవుతాయి. ఆ అంకెలను చూసి సరుకు ఇక్కడే తయారైందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ కంపెనీ జీఎస్1 ఇండియా వద్ద నమోదైందని మాత్రమే దానర్థం. పైగా ఆ గీతలు ఉత్పత్తి రకాన్ని చెబుతాయే తప్ప విడి వస్తువును గుర్తించలేవు. ఒకే రకం పొట్లాలు లక్ష ఉంటే లక్షకూ ఒకటే సంఖ్య.

ఈ లోటును పూడ్చేందుకే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1999లో ఆటో-ఐడీ కేంద్రం మొదలైంది. ప్రతి వస్తువుకూ ప్రపంచంలో మరి దేనికీ లేని సంఖ్య ఇవ్వాలన్నది దాని ఆలోచన. అదే ఎలక్ట్రానిక్ ప్రోడక్ట్ కోడ్. ఎక్కువగా వాడుకలో ఉన్న నమూనాలో 96 బిట్లు ఉంటాయి. ముందు భాగం సంస్థను, మధ్య భాగం ఉత్పత్తి రకాన్ని తెలిపితే చివరి 38 బిట్లు విడి వస్తువు క్రమసంఖ్యకు కేటాయించారు. అంటే ఒక్క రకం ఉత్పత్తికే 27 వేల 487 కోట్లకు పైగా సంఖ్యలు. ఒక కంపెనీ ఏళ్ల తరబడి సంచులు కుట్టినా అయిపోనన్ని. ఈ సంఖ్యను గోరంత కూడా లేని చిప్‌లో నింపి, దానికి పలుచని యాంటెన్నా జతచేస్తే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ తయారవుతుంది. దానిలో బ్యాటరీ ఉండదు. చదివే యంత్రం పంపే రేడియో తరంగం నుంచే శక్తిని తీసుకుని తన సంఖ్యను తిరిగి చెబుతుంది. గీతలను చూపినట్లు ఎదురుగా పట్టి చూపనక్కర లేదు. గోదాము గుమ్మంలో నుంచి బండి వెళ్తుంటేనే అందులోని పెట్టెలన్నీ లెక్కకు వస్తాయి.

మన దేశంలో ఇందుకోసం 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు తరంగాలను 2005లోనే లైసెన్సు అవసరం లేకుండా వదిలారు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ ప్లాజాల్లో తప్పనిసరైన ఫాస్టాగ్ పనిచేసేది ఈ తరంగాల్లోనే. అంటే ఈ సాంకేతికత జహీరాబాద్‌కు కొత్తగా రానవసరం లేదు. ఇక్కడి ప్రతి లారీ డ్రైవరూ దానిని రోజూ వాడుతున్నాడు.

సంఖ్య ఒక్కటే ఉంటే ఉపయోగం లేదు. ఏ వస్తువు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు చేయి మారిందన్న నాలుగు వివరాలు ప్రతి మజిలీలో ఆ సంఖ్య కింద చేరుతూ పోవాలి. చిప్‌లో ఉండేది పేరు వంటిది, జాతకమంతా కంప్యూటర్‌లో ఉంటుంది. వివరాలు రాసే చేయి ఏ మజిలీలో ఆగిందో అక్కడితో జాడ తెగిపోతుంది.

నీరు, ఇనుము అడ్డు

విచిత్రమేమిటంటే జహీరాబాద్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చే సరుకులు ఈ తరంగాలకు బొత్తిగా గిట్టనివి. ఈ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, లోహం వెనక్కు కొడుతుంది. పచ్చి అల్లంలో, ఆలుగడ్డలో ఇంచుమించు 80 శాతం నీరే. గోనె సంచుల్లో నింపి ఒకదానిపై ఒకటి పేర్చితే లోపలి వరుసల్లోని ట్యాగ్‌లు యంత్రానికి వినిపించకపోవచ్చు. ఆల్విన్ కాలం నుంచి వాహనాల తయారీకి, 2013 నుంచి ట్రాక్టర్లకు పేరొందిన పట్టణమిది. అక్కడ చూస్తే అంతా ఇనుము. లోహం మీద పనిచేయడానికి మధ్యలో పొర ఉన్న ప్రత్యేక ట్యాగ్‌లు కావాలి. వాటి ధర మామూలు వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ట్రాక్టర్ విలువలో ఆ ఖర్చు లెక్కలోకి రాదు. అల్లం మూటకు మాత్రం వస్తుంది.

ఇక మిగిలినవి జొన్న, కొర్ర, సామ, కంది, శనగ వంటి ఎండు గింజలు. నిల్వకు సిద్ధమైన జొన్నలో తేమ 12 శాతం అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి తరంగాలకు ఇబ్బంది లేదు. మార్కెట్‌లో పెద్ద పంటల వెనుక నిలబడే చిరుధాన్యాలే ఈ విషయంలో ముందు వరుసలో నిలవడం గమనార్హం.

ఖర్చు సంగతీ చూడాలి. చవకగా దొరికితే తప్ప ఈ ట్యాగ్ అందరికీ చేరదని తొలినాళ్ల పరిశోధకులు అయిదు సెంట్ల ధరను లక్ష్యంగా పెట్టుకున్నారు. ఇక్కడ ఒక్కోటి అయిదు రూపాయలకు దొరికిందనే అనుకుందాం. 50 కిలోల సంచికి తగిలిస్తే కిలోకు పది పైసల భారం. అరకిలో పొట్లానికి తగిలిస్తే కిలోకు పది రూపాయలు. మొదటిది భరించవచ్చు, రెండోది సాధ్యం కాదు. అందువల్ల సంచికి ట్యాగ్, పొట్లానికి ముద్రించిన క్యూఆర్ కోడ్ అన్న పద్ధతి సహేతుకంగా కనిపిస్తుంది. అల్లం, ఆలుగడ్డకైతే సంచి మాని ప్లాస్టిక్ క్రేట్లు వాడి, ట్యాగ్‌ను క్రేట్‌కే శాశ్వతంగా బిగించవచ్చు. క్రేట్ వందసార్లు తిరిగితే ఖర్చు వంద వంతులవుతుంది.

తొందరపడినవారు దెబ్బతిన్న ఉదాహరణలూ లేకపోలేదు. వాల్‌మార్ట్ సంస్థ తనకు సరుకులు పంపే వంద పెద్ద కంపెనీలు 2005 జనవరి నాటికి పెట్టెలకు ట్యాగ్‌లు తగిలించాలని 2003లో హుకుం జారీ చేసింది. ఖర్చు తమది, లాభం దుకాణానిది కావడంతో కంపెనీలు మొక్కుబడిగా సాగించాయి. కొన్నేళ్లకే ఆ పట్టుదల సడలింది. దుస్తుల వ్యాపారంలో ట్యాగ్‌లు చవకై, నిల్వల లెక్కకు పనికొస్తాయని తేలాక 2022లో మరిన్ని సరుకులకు అదే నిబంధన తిరిగి తెచ్చింది. ఖర్చు ఎవరిది, లాభం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికే వరకు మంచి యంత్రమైనా మూలన పడి ఉంటుందని అప్పుడే తేలింది.

గొర్రెలు నేర్పిన పాఠం

తగిలించిన సంఖ్యను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు తెలంగాణలో ఇప్పటికే చేదు జవాబు ఉంది. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. యూనిట్ ధర రూ.1.25 లక్షలు, అందులో 75 శాతం రాయితీ. రాష్ట్రంలో గొర్రెల సంఖ్య పెరగాలన్న ఉద్దేశంతో పొరుగు రాష్ట్రాల నుంచి కొని తేవాలని నిర్ణయించారు. ప్రతి జీవానికీ చెవికి సంఖ్య ఉన్న ట్యాగ్ వేయాలన్నారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు మరొకటి ఉండదు.

2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక అసలు తీరును బయటపెట్టింది. తనిఖీ చేసిన ఏడు జిల్లాల్లోనే రూ.253.93 కోట్ల మేర నష్టాన్ని అంచనా వేసింది. ఒకే ట్యాగ్ సంఖ్యను ఒకటికి మించిన జీవాలకు చూపినట్లు గుర్తించింది. రవాణా బిల్లుల్లోని నంబర్లను పరిశీలిస్తే అవి ద్విచక్ర వాహనాలవి, ఆటోలవి, చివరకు అంబులెన్సులవి అని తేలింది. బైకు మీద వందకు పైగా గొర్రెలు ప్రయాణించాయన్న లెక్క పల్లెల్లో నవ్వుల పాలైంది. తర్వాత అవినీతి నిరోధక శాఖ కేసులు పెట్టింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ మోసాన్ని పట్టించింది కూడా సంఖ్యలే. ట్యాగ్ నంబరు, వాహనం నంబరు రాసి ఉండబట్టే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం సాధ్యమైంది. అయితే అది ఏళ్ల తర్వాత, సొమ్ము పోయాక జరిగింది. ఒకే సంఖ్య రెండోసారి నమోదవుతున్నప్పుడు కంప్యూటర్ అక్కడికక్కడే నిరాకరించి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ పని చేయడానికి రేడియో చిప్ కూడా అక్కర్లేదు.

టోల్ ప్లాజాల్లోనూ ఇదే జబ్బు కనిపించింది. అద్దానికి అతికించకుండా ట్యాగ్‌ను చేత్తో పట్టుకుని చూపుతున్న వాహనదారుల ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో ప్రకటించాల్సి వచ్చింది. ట్యాగ్ వస్తువు నుంచి విడిపోయిందంటే యంత్రం చదివేది ప్లాస్టిక్ ముక్కనే. పశువుల బీమాలో ట్యాగ్ లేకుంటే పరిహారం లేదన్న నియమం పాడి రైతులకు తెలిసిందే. చెవి తెగి ట్యాగ్ పడిపోయిన గేదె బతికున్నంత కాలం పాలిస్తుంది, చనిపోయాక మాత్రం లెక్కలో లేనిదవుతుంది. పశువైద్య సిబ్బంది వేసే 12 అంకెల పసుపు ట్యాగ్‌ను రైతు జాగ్రత్తగా చూసుకునేది అందుకే.

సంఘం మహిళలకు తెలిసిన జాడ

చిప్‌లు, యంత్రాలు రాకముందే జాడ చెప్పే పద్ధతి జహీరాబాద్ పల్లెల్లో ఉంది. 1983 నుంచి పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు రసాయనాలు లేని సాగుకు పరస్పర హామీ పద్ధతిని అనుసరిస్తున్నాయి. ఒక రైతు చేనును తోటి రైతులే చూసి వస్తారు. ఎరువు బస్తా గట్టు మీద కనిపించినా, పక్క చేను నుంచి మందు నీరు పారినా దాచడం కష్టం. పైనుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి కనిపిస్తే పొరుగు రైతు రోజూ కనిపిస్తుంది. సంతకం కంటే ఆ చూపునే ఎక్కువగా నమ్ముకున్న పద్ధతి ఇది.

ప్రభుత్వమూ దీనిని గుర్తించింది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017లో తెచ్చిన సేంద్రియ ఆహార నిబంధనలు ఎగుమతులకు ఉద్దేశించిన ధ్రువీకరణతో పాటు పీజీఎస్-ఇండియా పద్ధతినీ ఆమోదించాయి. ఏడాదికి రూ.12 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న ఉత్పత్తిదారులు నేరుగా వినియోగదారుకు అమ్ముకుంటే ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. అయితే వారు జైవిక్ భారత్ ముద్ర వాడుకోరాదు. అంటే ఊరిలో, జాతరలో, పట్టణంలోని తెలిసిన దుకాణంలో అమ్మినంత కాలం మనిషి మాట చాలు. సరుకు పటాన్‌చెరు దాటి ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారుకు చేరాలంటే ఆ మాటకు సంఖ్య రూపం ఇవ్వాల్సిందే.

ఆ మార్పు చేతకానిదేమీ కాదు. ఈ సంఘాల మహిళల్లో చదువు రానివారు కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2008 నుంచి మాచునూర్‌లో సంగం రేడియో నడుపుతున్నారు. ఫోన్‌తో సంచి మీది కోడ్‌ను చదివించడం వారికి బ్రహ్మవిద్య కాబోదు. అయితే సంచికి అంటించే సంఖ్య ఎవరి ఖాతాలో నమోదవుతుంది, ఆ వివరాలు చూసే హక్కు సంఘానిదా, కొన్న కంపెనీదా అన్నది ముందే తేలాలి. పండించినామె పేరు కంపెనీ కంప్యూటర్‌లో చేరి, తన సరుకు ఎంతకు అమ్ముడుపోయిందో ఆమెకు మాత్రం తెలియకపోతే ఆ జాడ ఒకవైపు నుంచే కనిపించే అద్దమవుతుంది.

ద్రాక్షకు అందిన ఫలం, తగిలిన దెబ్బ

జాడ వల్ల రైతుకు మేలు జరిగిన ఉదాహరణ ద్రాక్ష. పురుగుమందుల అవశేషాలున్నాయంటూ 2003లో ఐరోపాలో మన ద్రాక్షకు ఎదురుదెబ్బ తగిలింది. ఆహారం ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి వెళ్లిందో ప్రతి వ్యాపారీ చూపాలన్న ఐరోపా నిబంధన 2005 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. దాంతో ఎగుమతుల ప్రోత్సాహక సంస్థ అపెడా 2006లో గ్రేప్‌నెట్‌ను ప్రారంభించింది. ప్రతి తోటకూ నమోదు సంఖ్య, ప్రయోగశాల ఫలితం, ప్యాకింగ్ కేంద్రం వివరాలు ఒకే చోట చేరాయి. ఒక పెట్టెలో తేడా వస్తే దేశంలోని ద్రాక్షనంతటినీ అనుమానించాల్సిన అవసరం తప్పింది. సేంద్రియ ఉత్పత్తుల కోసం 2010లో ట్రేస్‌నెట్ వచ్చింది.

అయినా 2010లో మన ద్రాక్షకు ఐరోపాలో మళ్లీ అడ్డంకి ఎదురైంది. తీగ ఎదుగుదలను అదుపు చేసేందుకు వాడే క్లోర్‌మెక్వాట్ అవశేషాలు బయటపడ్డాయి. గ్రేప్‌నెట్ సక్రమంగానే పనిచేసింది, ప్రతి పెట్టె ఏ తోటదో తెలిసింది. పరీక్షల జాబితాలో ఆ రసాయనం లేకపోవడమే లోపం. పరీక్షించని దానిని సంఖ్య కనిపెట్టలేదు.

విత్తనం వద్దే మొదలు కావాలి

పంటను మార్కెట్ వైపు నుంచి వెతికే ఏర్పాట్ల గురించి ఎక్కువ చర్చ జరుగుతోంది. జహీరాబాద్ రైతుకు అంతకంటే ముందు కావలసింది తాను కొన్నదాని జాడ. పత్తి విత్తనం మొలవకపోయినా, కాయ కాయకపోయినా ఫిర్యాదు చేయడానికి బిల్లు, ఖాళీ సంచి, లేబుల్ మీది లాట్ నంబరు భద్రపరచుకోవాలని వ్యవసాయాధికారులు ప్రతి వానాకాలం ముందు చెబుతుంటారు. చినిగిన లేబుల్ ముక్కే రైతుకు ఏకైక సాక్ష్యం. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ప్రారంభించిన సాథీ పోర్టల్ ద్వారా విత్తన సంచి మీది క్యూఆర్ కోడ్‌ను చదివితే అది ఎక్కడ తయారై ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిసే ఏర్పాటు ఉంది. అది పల్లెలోని దుకాణం దాకా సక్రమంగా చేరితే నకిలీ విత్తనానికి ముకుతాడు పడుతుంది.

అల్లం రైతుది ఇంకా కష్టమైన పరిస్థితి. విత్తనపు దుంపకు సీలు వేసిన సంచి ఉండదు, తరచూ బిల్లూ ఉండదు. దుంపకుళ్లు తెగులు విత్తనంతోనే చేనులోకి వస్తుంది. ఒక లాట్‌తో నాలుగు ఊళ్లలో తెగులు పుట్టినా అవన్నీ ఒకే చోటి నుంచి వచ్చాయని నిరూపించే దారి లేదు. ఎకరాకు లక్షలు పోసి వేసిన పంట కుళ్లిపోతే నష్టం రైతు నెత్తినే పడుతుంది. ఇటువంటి చోట మామూలు కాగితపు చీటీ మీద లాట్ సంఖ్య రాసినా అది చిప్‌తో సమానమైన మేలు చేస్తుంది.

పొరుగున తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే గుర్తింపు పేరుకు దక్కింది, సంచికి కాదు. ఎక్కడి కందినో తాండూరు పేరుతో అమ్మితే పట్టుకోవాలంటే చేను నుంచి మిల్లు దాకా లెక్క ఉండాలి.

కలిసిపోయే చోటే తెగేది

జాడ ఎక్కడ తెగుతుందో తెలుసుకోవాలంటే మార్కెట్ యార్డుకు వెళ్లి చూస్తే చాలు. పది మంది రైతుల సరుకు అడ్తి ముందు కుప్పలుగా పడుతుంది. దడ్వాయి కాంటా వేస్తాడు, వ్యాపారి కొంటాడు, హమాలీలు అన్నింటినీ ఒకే లారీకి ఎత్తుతారు. కొనుగోలుదారుకు కావలసిన పరిమాణం ఒక రైతు వద్ద దొరకదు కాబట్టి కలపడం తప్పు కాదు. కలిపినప్పుడు ఏయే రైతుల సరుకు కలిసిందో రాసి ఉంచకపోవడమే తప్పు. పది మంది పేర్లు ఒక లాట్ సంఖ్య కింద నమోదైతే తేడా వచ్చినప్పుడు వెతకాల్సింది పది చేలనే, పది మండలాలను కాదు.

రాబోయే పారిశ్రామిక నగరంలో ఆహార శుద్ధి యూనిట్లకు స్థలాలు కేటాయించే నాటికి ఈ కలిపే చోటును ఎవరు నిర్వహిస్తారన్నది నిర్ణయం కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు దానిని చేపడితే సంఖ్య పల్లెలో పుడుతుంది. కంపెనీ గోదాములో చేపడితే అక్కడే పుడుతుంది, దానికి ముందున్న రైతు ఆ లెక్కలోకే రాడు.

ప్రస్తుతానికి రైతు చేతికి అందేది తక్‌పట్టీ ఒక్కటే. దానిలో అడ్తిదారు పేరు, తూకం, ధర, హమాలీ, కమీషన్ కోతలు ఉంటాయి. సర్వే నంబరుకు, విత్తనపు లాట్‌కు గడి లేదు. ఆ చీటీలో మరో రెండు గడులు గీయడానికి మార్కెట్ కమిటీకి పెద్ద ఖర్చేమీ కాదు.